ఆమె కుడి కన్ను

డిగ్రీ రెండో సంవత్సరంలో మా కాలేజీ షటిల్ జట్టులో ఆరుగురం ఉండేవాళ్ళం. మిగతా నలుగురూ ఎలా ఆడేవాళ్ళో ఇప్పుడడిగితే చెప్పలేను. ఒకమ్మాయి ఆట మాత్రం పదిహేనేళ్ళు దాటినా అడుగు అడుగూ గుర్తుంది. అంతగా చూశాను ఆమెని. స్నేహం కొద్దీ చూస్తున్నానని అందరూ అనుకునేవారు. నేను కుళ్ళుకుంటూ చూశాను.

మాది వన్‌టౌన్. కింద అబ్బా కళ్ళజోళ్ళ దుకాణం, పైన రెండు గదుల్లో మేము. తాత కాలం నుంచీ మాకు అదే పని. పోర్టు వైపు నుంచి గాలి వీచిన రోజు కిటికీ గట్ల మీద నల్లటి పొడి పేరుకునేది. అబ్బా రోజుకు నాలుగుసార్లు అద్దాల బీరువా తుడిచేవాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ, ఆ మాటల్ని ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. ఆరో తరగతిలో ఉండగా స్కూల్లో మొదటిసారి రాకెట్ పట్టుకున్నాను. ఆడపిల్ల అందరి ముందూ గంతులేయడం ఏమిటని అమ్మీ గొడవ చేసింది. అబ్బా మాత్రం పొడుగు చేతుల టీషర్టు, ట్రాక్ ప్యాంటు కొనిచ్చి, "చదువు పాడుచేసుకోకు, అంతే" అన్నాడు. కానీ ఒక్కసారి కూడా వచ్చి నా ఆట చూడలేదు. దుకాణం తలుపు వేసి వెళ్ళే మనిషి కాదాయన.

ఏడేళ్ళు పద్ధతిగా నేర్చుకున్నాను. తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని వెళ్ళి, కోచ్ చెప్పినట్టు కాలు పెట్టి, చెప్పినట్టు చెయ్యి తిప్పి నేర్చుకున్నాను. ఆమె జాలరిపేట పిల్ల. వలలు ఆరబెట్టే చోట రెండు గెడలకి తాడు కట్టి ప్లాస్టిక్ షటిల్‌తో ఆడి నేర్చుకుంది. కాలేజీలో చేరేదాకా చెక్క ఫ్లోరు మీద అడుగు పెట్టలేదు. మొదటి రోజు హాలులోకి వచ్చి, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి, "ఓలమ్మ, ఎంత నున్నగుందో! జారిపోతామేటే?" అని నన్ను అడిగింది. ఆ సాయంత్రమే నన్ను ఓడించింది.

ఎలా ఓడిపోయానో నాకు అర్థం కాలేదు. ఆమె నాకంటే వేగంగా పరిగెత్తేది కాదు. స్మాష్‌లో నాకున్నంత బలం కూడా లేదు. కానీ షటిల్ నా రాకెట్‌ని వదిలేసరికే ఆమె అక్కడ ఉండేది. తొందరపడినట్టు కనబడేది కాదు. నేను చెమటలు కక్కుతూ కోర్టంతా తిరుగుతుంటే, ఆమె తన ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తున్నట్టు నాలుగడుగులు వేసేది. నేను మోసం చేసి నెట్ దగ్గర చిన్నగా వదిలితే ముందే వచ్చి ఎదురుచూస్తుండేది.

మా పీడీ మేడమ్, అంటే కాలేజీలో ఆటలు నేర్పే మేడమ్, మా ఇద్దరినీ డబుల్స్ జోడీ చేసింది. మేం గెలిచేవాళ్ళం. చప్పట్లు ఇద్దరికీ కొట్టేవారు గానీ, మాట్లాడడానికి వచ్చేవాళ్ళు ఆమె దగ్గరికే వచ్చేవారు. నేను పక్కన నిలబడి రెండు రాకెట్లూ పట్టుకుని నవ్వుతుండేదాన్ని. ఆ నవ్వుకి దవడలు నొప్పెట్టేవి.

ఆమె కళ్ళలో ఏదో ఉందని నాకు నమ్మకం కుదిరింది. కళ్ళజోళ్ళవాడి కూతుర్ని కదా, ఏ విషయమైనా కళ్ళ దగ్గరికే తీసుకొచ్చేదాన్ని. ఆమె సర్వీస్ అందుకునేటప్పుడు తలని కాస్త కుడికి తిప్పి నిలబడేది. ఏదో దూరపు శబ్దం వింటున్నట్టు ఉండేది ఆ నిలబడడం. కిటుకు అక్కడే ఉందనుకుని నేనూ అలాగే తల తిప్పి ఆడడం మొదలుపెట్టాను. రెండు నెలలు ఆడాను. ఆట బాగుపడలేదు సరికదా మెడ పట్టేసింది. అమ్మీ నువ్వులనూనె రాస్తూ, "ఏం చేశావే మెడని?" అంటే రాత్రి సరిగ్గా పడుకోలేదని చెప్పాను. చేపలు తింటే చూపు పెరుగుతుందేమోనని వారానికి నాలుగుసార్లు చేపల కూర చెయ్యమని కూడా గొడవపెట్టాను. అన్నం దగ్గర ఎప్పుడూ విసుక్కునే పిల్ల అడిగి మరీ తింటోందని అమ్మీ సంబరపడింది.

ఒక ఆదివారం, పనేమీ లేకపోయినా, జాలరిపేట ఒడ్డుకి వెళ్ళాను. ఆమె ఇంట్లో ఎలా ఉంటుందో చూడాలనిపించింది. పడవలు అప్పుడే వచ్చాయి. ఆమె తల మీద చేపల గంప పెట్టుకుని, ఇసుకలోంచి పైకి నడిచి వస్తోంది. గంపలోంచి నీళ్ళు కారి మెడ మీంచి జారుతున్నాయి. చేతులు గంపని పట్టుకోలేదు. పాదాలు ఇసుకలో దిగబడుతున్నాయి, నడుము ఊగుతోంది, తల మాత్రం గోడకి కొట్టిన మేకులా కదలడం లేదు. ఆ గంప కిందినుంచే నన్ను చూసి కేకేసింది.

"ఏటే, ఇలగొచ్చావు? ఇంట్లో అందరూ బాగున్నారా?"

"ఊరికే వచ్చాను. ఇటు పని ఉండి."

"ఉండు, అమ్మకి గంప ఇచ్చేసి వత్తాను. సేపలు ఒట్టుకెల్దువు గాని."

వద్దన్నా వినకుండా, ఆకులో చుట్టి నాలుగు చేపలు నా చేతిలో పెట్టింది. బస్సులో ఒళ్ళో ఆ పొట్లం పెట్టుకుని కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. ఆమె మంచిదే. అదే నాకు మరింత కష్టంగా ఉంది.

వేసవి సెలవులై రెండో సంవత్సరానికి కాలేజీ తెరిచాక, ఆటగాళ్ళందరికీ హాలులోనే ఆరోగ్య పరీక్షలు పెట్టారు. బరువు, రక్తం, పళ్ళు అయ్యాక చివర కళ్ళు. కంటి డాక్టరమ్మ గోడకి అక్షరాల పట్టిక తగిలించింది. నేను రెండు కళ్ళతోనూ చివరి వరస దాకా గడగడా చదివేశాను. చిన్నప్పటి నుంచీ దుకాణంలో ఆ పట్టిక నాకు ఆటబొమ్మ. తరవాత ఆమె వంతు. ఎడమ కంటితో చివరి వరస దాకా చదివింది. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చదవమంటే, పైనుంచి మూడో వరస దగ్గర ఆగిపోయింది.

"ఇంకా కింద?" అంది డాక్టరమ్మ.

"కింద ఏటీ నేదండి. మసకే."

"ఎప్పటి నుంచి ఇలా?"

"ఏమోనండి. ఈ కన్ను ఇలగే ఉంటాదనుకున్నాను."

ఆమె కుడి కంటికి మైనస్ మూడు దాకా పవర్ ఉందని, ఎడమ కంటికి ఏమీ లేదని డాక్టరమ్మ చీటీ మీద రాసింది. తల కుడికి తిప్పి ఆడేది అందుకేనట. బాగున్న కన్నుని ముందుకు పెట్టుకోవడానికి తనకి తెలియకుండానే చేసుకున్న అలవాటు. నేను రెండు నెలలు మెడనొప్పి తెచ్చుకుని నేర్చుకున్నది ఆమె లోపాన్ని!

ఆ క్షణం నాకు కలిగింది సంతోషం. సిగ్గుపడకుండా చెప్తున్నాను, నిజంగా సంతోషమే. ఆమెకీ ఒకటి తక్కువుంది. కానీ హాలు మెట్లు దిగేలోపే ఆ సంతోషం విరిగిపోయింది. ఒకటిన్నర కళ్ళతో నన్ను ఓడించిందంటే, రెండు కళ్ళూ వస్తే నా గతేమిటి?

మర్నాడు మేడమ్‌ని అడిగాను. చూపు నాదే బాగున్నప్పుడు ఆట ఆమెదెందుకు బాగుంటుందని, నవ్వుతూ, వేళాకోళంగా అడిగినట్టు అడిగాను. మేడమ్ మా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఒంటికాలి మీద ఉండమంది. ఇద్దరం ఉన్నాం. "ఇప్పుడు కళ్ళు ముయ్యండి" అంది. నేను నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు ఊగిపోయి రెండో కాలు కింద పెట్టేశాను. కళ్ళు తెరిచి చూస్తే ఆమె ఇంకా అలాగే నిలబడి ఉంది. మేడమ్ చాలన్నదాకా అలాగే ఉంది.

"చూశావా? మనిషి నిలబడ్డానికి మెదడుకి మూడు చోట్ల నుంచి కబురందుతుంది. ఒకటి కళ్ళు. రెండోది చెవి లోపల. అక్కడ సన్నటి గొట్టాల్లో నీరు ఉంటుంది, తల ఎటు తిరిగినా అది చెప్తుంది. మూడోది అరికాళ్ళు, కీళ్ళు. నువ్వు మొత్తం కళ్ళ మీదే ఆధారపడ్డావు. అవి మూసేస్తే నీ మెదడుకి దిక్కు తోచదు. ఈ పిల్లకి ఒక కన్ను చిన్నప్పుడే సరిగ్గా పనిచెయ్యలేదు, అందుకని మిగతావాటిని నమ్ముకోవడం నేర్చుకుంది."

"మరి షటిల్ ఎలా కనబడుతుంది మేడమ్?"

"షటిల్‌ని చూసి ఆడితే ఎవరికైనా ఆలస్యమే. అంత వేగంగా వచ్చేదాన్ని కన్ను పట్టుకుని, మెదడుకి చెప్పి, కాలు కదిలేసరికి అది దాటిపోతుంది. ఈ పిల్ల నీ భుజం చూస్తుంది. మోచెయ్యి చూస్తుంది. అది ఎటు పడుతుందో మెదడు ముందే ఊహిస్తుంది. పైగా పరిగెత్తేటప్పుడు దీని తల కదలదు. తల ఎగిరితే చూపూ ఎగురుతుంది. నువ్వు నడిరోడ్డు మీద ఆటోలో కూర్చుని పేపరు చదువుతున్నట్టు ఆడతావు."

చుట్టూ ఉన్న జట్టువాళ్ళందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "నాను షటిల్ గోడకి కొట్టుకుంటానండి రోజూ, మా ఈది గోడకి. పొద్దున ఓ గంట, సాయంకాలం ఓ గంట. అలగ వచ్చిందేమో" అంది మొహమాటంగా. ఆమె అంత సాధన చేస్తోందని నాకు అప్పటిదాకా తెలీదు. పుట్టుకతో వచ్చిన వరమేదో ఉందని నమ్మడమే నాకు సుఖంగా ఉండేది. దాని మీద పడి ఏడవచ్చు. రోజుకి రెండు గంటల గోడ దెబ్బల మీద పడి ఏడవడం ఎలా?

రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాను. అబ్బా అన్నం కలుపుతూ ఆగి, "ఆ పిల్లని దుకాణానికి తీసుకురా. చీటీ కూడా తెమ్మను. నేను చేసిస్తాను" అన్నాడు.

తీసుకెళ్ళాను. ఆ రోజు నేను చూసిన అబ్బా వేరే మనిషి. నా ఆట ఏడేళ్ళు చూడని మనిషి, ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి షటిల్ ఎలా కనబడుతుంది, దగ్గరికొస్తే రెండుగా కనబడుతుందా, దూరం ఎలా తెలుస్తుంది అని అడుగుతూనే ఉన్నాడు. కంటి పాపల మధ్య దూరం ఒకటికి నాలుగుసార్లు కొలిచాడు. టీ తెప్పించాడు. ఆమె కాళ్ళు ఊపుకుంటూ జవాబులు చెప్పింది.

"బాబాయ్, పడవ ఒడ్డుకి దూరంగా ఉన్నప్పుడే అదెవలిదో సెప్పెస్తాను నాను. ఈ కంటికి అక్షరాలు మాత్రం కనబడవు, సిత్రం కాదేటి?"

"చిత్రమేమీ లేదమ్మా. దూరం కొలవడానికి రెండు కళ్ళూ కావాలి. నీ మెదడు ఇన్నాళ్ళూ ఒక కంటితోనే, ఇంకేవేవో గుర్తులు పెట్టుకుని నెట్టుకొచ్చింది. గొప్ప మెదడు నీది" అన్నాడు అబ్బా.

గొప్ప మెదడు. ఆ మాట నన్ను ఎప్పుడూ అనలేదు. బల్ల వెనక నిలబడి గుడ్డతో ఒకే ఫ్రేమ్‌ని మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాను.

ఆ వారంలోనే మేడమ్ ఇంకో సంగతి చెప్పింది. యూనివర్సిటీ జట్టు ఎంపికకి ఒక్కో కాలేజీ నుంచి సింగిల్స్‌కి ఒక్కరినే పంపుతారు. మా కాలేజీ నుంచి ఎవరన్నది తేల్చడానికి సోమవారం మా ఇద్దరికీ మ్యాచ్ పెడతానంది.

కళ్ళజోడు శుక్రవారానికి తయారైంది. అవి వేట నిషేధం ముగిసి పడవలు మళ్ళీ సముద్రంలోకి దిగిన రోజులు. ఆమెకి తల్లితో ఒడ్డు మీద పని ఎక్కువగా ఉండి దుకాణానికి రాలేకపోయింది. అబ్బా డబ్బా నా చేతికిచ్చి, నన్ను కూర్చోమని, నిదానంగా చెప్పాడు.

"బేటీ, ఈ మాటలు ఆ పిల్లకి సరిగ్గా చెప్పు. ఒక కంటికి పవర్ ఉండి రెండో కంటికి లేనప్పుడు, పవరున్న అద్దంలోంచి వస్తువు కొంచెం చిన్నగా కనబడుతుంది. రెండు బొమ్మల్నీ ఒకటిగా అతకడానికి మెదడుకి రోజులు పడుతుంది. మొదట్లో నేల వాలినట్టు ఉంటుంది, మెట్లు దిగేటప్పుడు కాలు తప్పుతుంది. అద్దం మధ్యలోంచి చూస్తే నయమే. అంచులోంచి చూస్తే వస్తువు ఉన్నచోట కనబడదు. మీ ఆటంతా పైకీ పక్కకీ చూడడమే కదా. అందుకని పది పదిహేను రోజులు ఇంట్లోనే పెట్టుకోమను. ఆటలో వద్దు. సోమవారం మ్యాచ్ మామూలుగా ఎలా ఆడుతుందో అలాగే ఆడమను."

"సరే అబ్బా" అన్నాను.

శనివారం కాలేజీ గేటు దగ్గర ఆమెకి డబ్బా ఇచ్చాను. అక్కడే తెరిచి పెట్టుకుంది. రెప్పలు టపటపలాడించి, కుడి చెయ్యి చాచి, వేళ్ళు విప్పి చూసుకుంది. తరవాత రోడ్డవతల చెట్టు వైపు చూసి, "ఓలమ్మో! ఆకులు ఇడిఇడిగా కనబడతన్నాయే!" అని అరిచింది. నన్ను కావిలించుకుంది. ఆ సంతోషం తగ్గాక అడిగింది.

"ఆడినప్పుడు పెట్టుకోవచ్చా? బాబాయ్ ఏటన్నాడు?"

సూటిగా అడిగింది. నేను మరిచిపోయానని చెప్పుకునే వీలు కూడా లేకుండా అడిగింది. నోటి దాకా వచ్చిన అబ్బా మాటలు అక్కడే ఆగిపోయాయి.

"దానికే కదా చేసిచ్చాడు" అన్నాను.

"అయితే తాడు కట్టుకుంటాను, ఎగిరినప్పుడు పడిపోకుండా."

"ఆ, కట్టుకో."

ఆ రెండు రోజులూ నేను మామూలుగానే తిన్నాను, నిద్రపోయాను. అదే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం.

సోమవారం సాయంత్రం హాలులో మా జట్టువాళ్ళు, మేడమ్, ఇంకో పదిమంది దాకా ఉన్నారు. సముద్రం గాలికి షటిల్ పక్కకి పోకుండా కిటికీలన్నీ మూసేశారు. ఆమె కళ్ళజోడుకి వెనకనుంచి నల్లటి సాగే తాడు కట్టుకుని వచ్చింది. ఒడ్డు మీద పనిలో పాడవుతుందని అప్పటిదాకా డబ్బాలోంచి తియ్యలేదట. మేడమ్ అనుమానంగా చూసి, "అలవాటైందా?" అంది. "బాగా కనబడతన్నాదండి" అందామె.

మొదటి షటిల్ ఎత్తుగా వేశాను. ఆమె తలెత్తి చూసి చెయ్యి విసిరింది. రాకెట్ గాలిలో తిరిగింది, షటిల్ ఆమె భుజం పక్కనుంచి జారి కింద పడింది. ఆమె రాకెట్ వైపు చూసుకుంది, తీగలు తెగాయేమోనన్నట్టు. రెండోది కూడా అంతే, అంచుకి తగిలి పక్కకి పోయింది. నేను ఎత్తుగా, పక్కలకి, మళ్ళీ ఎత్తుగా వేస్తూ పోయాను. అంచుల్లోంచి చూసేలా వెయ్యాలని నాకు తెలుసు. అబ్బా చెప్పాడు కదా.

ఎప్పుడూ తొందరపడని మనిషి తడబడుతోంది. నేల ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు అడుగులు వేస్తోంది. పద్నాలుగో పాయింట్ దగ్గర వెనక్కి పరిగెత్తుతూ, కాలు ఎక్కడ పెట్టిందో తనకే తెలియక, అడ్డంగా పడిపోయింది. మోచెయ్యి గీరుకుపోయింది. కళ్ళజోడు ఫ్రేమ్ ఒకవైపు వంగిపోయింది. నేలమీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకుంది.

మేడమ్ పరిగెత్తుకొచ్చి కళ్ళజోడు తీసేసింది. "ఇది పెట్టుకుని ఇవాళ ఆడమని ఎవరు చెప్పారు నీకు?" అంది. ఆమె గీరుకుపోయిన మోచెయ్యి చూసుకుంది. నేను నెట్ అవతల నిలబడి మంచినీళ్ళు తాగాను.

మొదటి గేమ్ ఇరవై ఒకటి, తొమ్మిది. నాదే. రెండో గేమ్ కళ్ళజోడు లేకుండా ఆడింది. కాసేపు తల తిరుగుతున్నట్టే ఉంది, తరవాత మెల్లగా పాత మనిషి తిరిగొచ్చింది. నేను ముందున్నా ఒక్కో పాయింటూ లాక్కుంటూ వచ్చి పంతొమ్మిది దగ్గర సమం చేసింది. చివరి రెండు పాయింట్లూ ఎలా వచ్చాయో నాకు తెలీదు. ఇరవై ఒకటి, పంతొమ్మిది. నేను గెలిచాను.

ఆమె నెట్ కిందనుంచి చెయ్యి అందించి, "బాగా ఆడినావు" అంది.

రెండు రోజుల తరవాత వంగిపోయిన ఫ్రేమ్ పట్టుకుని దుకాణానికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. అబ్బా ఫ్రేమ్ అటూ ఇటూ తిప్పి చూసి, ఆమె మోచేతి మీది పట్టీ చూశాడు.

"ఆటలో పెట్టుకున్నావా అమ్మా? వద్దని చెప్పి పంపానే. చెప్పలేదా?"

ఆమె తలెత్తి నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు. ఆ చూపులో కోపం కనబడి ఉంటే నాకు తేలికయ్యేది. అర్థం చేసుకుంటున్న చూపు అది. ఒక్కొక్కటే కలుపుకుంటూ వస్తోంది.

"సెప్పింది బాబాయ్. నానే ఇన్నేదు" అంది.

అబ్బా నా వైపు తిరిగి చూశాడు. సన్నటి మంట మీద ఫ్రేమ్ వేడి చేసి, వేళ్ళతో ఒత్తి సరిచేసి, ఆమె చెవుల వెనక పెట్టి చూసి, మళ్ళీ తీసి ఒత్తాడు. తరవాత నాకు చెప్పిన మాటలన్నీ మొదటినుంచి చివరిదాకా ఆమెకి మళ్ళీ చెప్పాడు. ఆమె మొదటిసారి వింటున్నట్టు కనబడకుండా ఉండడానికి చాలా కష్టపడింది. అన్నింటికీ తలూపింది.

ఆ రోజు తరవాత దుకాణంలోంచి ఏ వస్తువూ నా చేత పంపలేదు అబ్బా. దూరమైనా తనే వెళ్ళి ఇచ్చొచ్చేవాడు. "ఎందుకు, నేను కాలేజీకి వెళ్తూ ఇస్తాను కదా" అని ఒకసారి అంటే, "వద్దులే, నీకెందుకు శ్రమ" అన్నాడు మెత్తగా. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

యూనివర్సిటీ ఎంపికలో నేను మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాను. అవతలి అమ్మాయి నా భుజం చూసి ఆడింది. ఆ తేడా అప్పటికి నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఏమీ చెయ్యలేకపోయాను.

ఆమె మూడు వారాల్లో కళ్ళజోడుకి అలవాటుపడింది. ముందు ఇంట్లో, తరవాత ఇసుకలో నడుస్తూ, తరవాత గోడ దగ్గర, చివరికి కోర్టులో పెట్టుకుంది. తల తిప్పే అలవాటు పోయింది. ఆట ఇంకో మెట్టు ఎక్కింది. నెట్ దగ్గర, ఇదివరకు అప్పుడప్పుడు తప్పేచోట, ఇప్పుడు వెంట్రుకవాసి కూడా తప్పడం లేదు. నాతో మాట్లాడేది. డబుల్స్ కలిసే ఆడేవాళ్ళం. ఆ మామూలుతనం నేను భరించలేకపోయాను. ఒక సాయంత్రం ఆట అయ్యాక హాలు మెట్ల మీద కూర్చుని చెప్పేశాను. అబ్బా ఏం చెప్పాడో, నేను ఏం చెప్పలేదో, ఎందుకు చెప్పలేదో, అంతా చెప్పాను. నాకు ఆమె మీద ఏడుపని కూడా చెప్పాను.

ఆమె బూట్ల లేసులు విప్పుతూ విన్నది.

"తెలుసు. దుకాణంలోనే తెలిసిపోయింది" అంది.

"మరి నా మీద ఎందుకు చెప్పలేదు?"

"నీ కోసం సెప్పలేదనుకుంటన్నావేటి? మీ నాన్న మొగం సూసి సెప్పలేదు. నా కంటికి నాలుగుసార్లు కొలత తీసినాడు ఆ మనిషి. ఆయన ముందర ఆయన కూతుర్ని తక్కువ సెయ్యడం నాకు ఇష్టం నేక."

ఒక బూటు విప్పి పక్కన పెట్టింది. అప్పుడు గొంతు మారింది.

"ఓడిపోయినందుకు కాదే నాకు. ఆ రోజు పడినప్పుడు నా బుర్రలో ఏదో పోయిందనుకున్నాను. నేల ఊగతంది, షటిల్ ఉన్నకాడ నేదు. కన్నుతో పాటు ఇంకేటో పాడయిపోయిందనుకున్నాను. అద్దాలు తీసినాక సర్దుకున్నా, మల్లీ ఎప్పుడు అలగవుద్దోనని బయం. ఇంక ఆట నేదనుకున్నాను. రెండు దినాలు అన్నం తిన్నేదు. మా అమ్మకి సెప్పుకోలేక ఒడ్డు మీద కూకుని ఏడ్సినాను. నువ్వు ఒక్క మాట సెప్తే పోయీది. నీకు తెలుసు. తెలిసుండీ నీళ్ళు తాగుతా నిలబడినావు."

ఆమె చూసింది నన్ను. ఆ గందరగోళంలో, కళ్ళు సరిగ్గా పనిచెయ్యని ఆ క్షణంలో కూడా, నేను నీళ్ళు తాగడం చూసింది.

మర్నాడు మేడమ్ దగ్గరికెళ్ళి ఇంకో అమ్మాయితో ఆడతానని చెప్పింది. కారణం చెప్పలేదు. మూడో సంవత్సరం సింగిల్స్‌కి ఆమే వెళ్ళింది, యూనివర్సిటీకి ఆడింది. ఆ సంవత్సరమంతా మేం ఒకరినొకరం పలకరించుకోలేదు. నేను గ్యాలరీలో కూర్చుని ఆమె మ్యాచ్‌లన్నీ చూశాను. ప్రతిసారీ ఓడిపోతే బాగుండునని కోరుకున్నాను, ప్రతిసారీ ఆ కోరిక కలిగినందుకు నన్ను నేను అసహ్యించుకున్నాను. రెండూ ఒకేసారి ఉండేవి.

మా మధ్య సంబంధం పూర్తిగా తెగిపోకుండా ఆపింది అబ్బా దుకాణమే. ఏడాదికోసారి అద్దాలు మార్పించుకోవడానికి ఆమె అక్కడికే వచ్చేది. పెళ్ళయ్యాక భర్తని తీసుకొచ్చింది, తరవాత తల్లికి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు తల్లిని. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా అబ్బా ఆమె సంగతులు చెప్పేవాడు. ఏ ఊళ్ళో ఏ పోటీలో గెలిచిందో నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఒకసారి ఉండబట్టలేక, "నా ఆట ఒక్కసారైనా చూశావా అబ్బా?" అన్నాను. "చూడాల్సింది" అన్నాడు. "నువ్వు పిలవలేదు కదా అనుకున్నాను. నువ్వు పిలవకపోయినా రావాల్సింది." నాకు ముప్ఫై ఏళ్ళు దాటాక విన్న మాట అది. వినగానే ఏడ్చాను, అమ్మీ కంగారుపడేంతగా.

ఇప్పుడు నేను మధురవాడలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఆమె అక్కడికి దగ్గర్లోనే ఒక షెడ్డు అద్దెకి తీసుకుని పిల్లలకి షటిల్ నేర్పుతోంది. మొదట పిల్లల చేత రాకెట్ పట్టించదట. ఒంటికాలి మీద నిలబడి బంతి పట్టుకోమంటుంది, తల కదలకుండా మెట్లు దిగమంటుంది. మా అపార్ట్‌మెంట్ పిల్లలు లిఫ్టు మానేసి తలల మీద పుస్తకాలు పెట్టుకుని మెట్లు దిగుతుంటే చూసి, ఎవరి శిష్యులో నాకు అర్థమైంది.

పోయినేడు ఒక శుక్రవారం ఫోన్ చేసింది. నా నంబరు అబ్బా ఇచ్చాడట.

"ఆదివారం పొద్దున్న పెద్దోళ్ళం ఆడతాం. ఒకలు తక్కువయ్యారు. వత్తావా?"

"నేను ఆడి చాలా ఏళ్ళయింది."

"అది కాదు సంగతి. వత్తావా, రావా?"

వెళ్ళాను. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. ఆమె వెనక, నేను ముందు నిలబడ్డాం. అవతల ఇద్దరూ మాకంటే చిన్నవాళ్ళు. మొదటి పాయింట్‌లోనే షటిల్ నా తల మీదుగా లేచింది. నేను తిరిగి చూసేలోపే, "నాది" అని వెనకనుంచి వినబడింది, ఆ వెంటనే దెబ్బ శబ్దం. షటిల్ అవతలి మూల గీత మీద పడింది. అవతలి అమ్మాయి "అబ్బ, ఎలా చూశారక్కా!" అంది.

నాకు లోపల చురుక్కుమంది. ముప్ఫై అయిదు దాటినా అదే చురుకు, అదే చోట. అవతలివాళ్ళు నెట్ కిందనుంచి తోసిన షటిల్ తీసి, ఈకలు సరిచేసి, వెనక్కి తిరిగి ఆమెకి అందించాను. సర్వీస్ ఆమెది.